అమెరికా నుంచి వచ్చాక దగ్గు తగ్గట్లేదు, టీబీ పరీక్ష ట్రూనాట్ నెగటివ్. ఫంగస్ అనుమానిస్తే ఎక్కడ మొదలెట్టాలి?

రాజోలు_ఫిజీషియన్
58 ఏళ్లావిడ, పదేళ్లుగా షుగరు. కూతురి పురిటికని ఫీనిక్స్ వెళ్లి ఐదు నెలలుండి వచ్చారు. దిగిన పది రోజులకి జ్వరం, పొడి దగ్గు, మోకాళ్లూ చీలమండలూ నొప్పులు, మంచం దిగలేనంత నీరసం. ఇప్పటికి ఐదు వారాలైంది. రెండు కోర్సుల యాంటీబయాటిక్ వాడినా లాభం లేదు. ఎక్స్‌రేలో కుడి పైభాగం తెల్లగా ఉంది, హైలమ్ (ఊపిరితిత్తి మొదలు) దగ్గర గ్రంథులు ఉబ్బాయి. కళ్లె రెండుసార్లు ట్రూనాట్, రెండూ నెగటివ్. తెల్లకణాలు 9,800, అందులో ఈసినోఫిల్స్ (ఎలర్జీలో, పురుగు జబ్బుల్లో పెరిగే రకం) 11 శాతం. ఇంటివాళ్లేమో టీబీ మందులు మొదలెట్టేయండంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. మన జిల్లాల్లో లేని ఫంగస్ అయితే ముందు ఏ పరీక్ష, ఏ శాంపిల్, ఎటు పంపాలి?

తణుకు_జీపీ
ఈసినోఫిల్స్ అంటున్నారు కదండీ, మన గోదారి జిల్లాల్లో అది చూడగానే ఫైలేరియా గుర్తుకు రావాలి. ఫైలేరియా వల్ల వచ్చే ట్రాపికల్ ఈసినోఫిలియా అయితే డీఈసీ మాత్రలు మూడు వారాలిస్తే సరిపోతుంది. ఫీనిక్స్ దాకా ఎందుకు?

గోదారి_శ్వాస
జీపీ గారూ, అంకె చూడండి. 9,800లో 11 శాతమంటే వెయ్యి పైచిలుకు. ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫిలియాలో మామూలుగా 3,000 దాటుతుంది, ఐజీఈ అనే యాంటీబాడీ బాగా పెరుగుతుంది, రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటాయి. ఎక్స్‌రేలో రెండు వైపులా సన్నగా మసక చుక్కలు కనిపిస్తాయి. ఒక పక్క లోబు గట్టిపడి, అదే పక్క హైలమ్ గ్రంథి ఉబ్బితే ఆ బొమ్మ కాదు. ఫైలేరియా యాంటీబాడీ పంపించండి, తప్పులేదు. దాని ఫలితం కోసం మిగతావి ఆపొద్దు.

రాజోలు సార్, మీ అనుమానం సరైనదే. ఫీనిక్స్, టూసాన్ ఉన్న దక్షిణ ఆరిజోనా, కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్, ఫ్రెస్నో ఉన్న శాన్ వాకీన్ లోయ, ఇవి కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ సొంత నేల. దాంతో వచ్చే జబ్బునే వ్యాలీ ఫీవర్ అంటారు. మట్టిలో బూజుగా పెరిగి, ఎండిన దుమ్ముతో ఎగిరి ఊపిరితిత్తిలోకి పోతుంది. పీల్చిన 7 నుంచి 21 రోజుల్లో జబ్బు మొదలవుతుంది. మీ రోగి దిగిన పది రోజులకి జ్వరం వచ్చిందంటే బయల్దేరే ముందు రోజులతో లెక్క సరిపోయింది. కీళ్ల నొప్పులు, విపరీతమైన నీరసం, కాస్త ఈసినోఫిల్స్ కూడా దానికి అతుకుతాయి. ఆ కీళ్ల నొప్పుల్ని అక్కడ డెసర్ట్ రుమాటిజం అనే పిలుస్తారు. పిక్కల మీద ఎర్రగా, ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు లేచాయా? అవి జ్వరం మొదటి వారాల్లో వచ్చి పోయి ఉండొచ్చు, అడిగితేనే చెబుతారు.

సోకినవాళ్లలో దాదాపు 60 శాతానికి ఏ లక్షణమూ ఉండదు. షుగరున్న వాళ్లలో మాత్రం ఊపిరితిత్తిలో గుహ పడే ప్రమాదం ఎక్కువ. అందుకని ఈవిడని "చూద్దాంలే" అని వదలకూడదు.

మామిడికుదురు_డాక్టర్
అంతా బాగుంది గానీ రెండు ట్రూనాట్‌లతో టీబీని కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. పొడి దగ్గన్నారు. పొడి దగ్గుతో ఇచ్చింది కళ్లా, ఉమ్మా? ఉమ్ము మీద నెగటివ్ వస్తే అది నెగటివ్ కాదు. షుగరు, కుడి పైభాగం... మన దగ్గర పదింట తొమ్మిది టీబీయే తేలుతుంది.

రాజోలు_ఫిజీషియన్
@మామిడికుదురు_డాక్టర్ మొదటిది ఉమ్మే. రెండోది 3 శాతం సెలైన్ నెబులైజ్ చేసి తీశాం, చిక్కగానే వచ్చింది.
@గోదారి_శ్వాస పిక్కల మీద గడ్డల సంగతి అడగలేదు. ఇవాళే ఫోన్ చేస్తా.

కాకినాడ_మైక్రో
ఏ పరీక్షకన్నా ముందు ఒక పని. రిక్వెస్ట్ చీటీ మీద పెద్దక్షరాలతో "ఫీనిక్స్ ప్రయాణం, కాక్సిడియాయిడిస్ అనుమానం" అని రాయండి. "దగ్గు, జ్వరం, కల్చర్ చేయగలరు" అని మాత్రం రాసి పంపొద్దు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, ల్యాబులో వాళ్ల ప్రాణాలకి సంబంధించింది.

ఈ బూజు బ్యాక్టీరియా పెంచే మామూలు బ్లడ్ అగార్ ప్లేటు మీద కూడా మూడు నుంచి ఐదు రోజుల్లో తెల్లటి దూదిలా లేస్తుంది. అంటే ఫంగస్ బల్ల దాకా రాకముందే, మాస్కు లేకుండా బ్యాక్టీరియా ప్లేట్లు చూసే అమ్మాయి చేతిలో పడుతుంది. ఆ దూది దారాలు ముక్కలై పీపాల్లాంటి బీజాలు, ఆర్థ్రోకోనిడియాలు అవుతాయి. ఒక్కోటి 3 నుంచి 6 మైక్రాన్లు, మూత తియ్యగానే గాల్లోకి లేస్తాయి. కొద్దిపాటి పీల్చినా జబ్బు పట్టుకోవచ్చు. అందుకే ఈ కల్చర్ మూడో స్థాయి బయోసేఫ్టీ ల్యాబులో చెయ్యాలి. జిల్లా ల్యాబులో కాదు.

ఎవరికైనా అలాంటి ప్లేటు ఎదురైతే: మూత తియ్యొద్దు, వాసన చూడొద్దు, టేపు ముక్క అంటించి చూడొద్దు, స్లైడ్ కల్చర్ అసలే పెట్టొద్దు. చుట్టూ టేపు బిగించి, జిప్ కవర్లో పెట్టి, కవరు మీద రాసి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి. పెరిగిన కల్చర్‌ని మామూలు కొరియర్‌లో పంపకూడదు. అది రవాణా నిబంధనల్లో యూఎన్ 2814 నెంబరు కింద, ఎక్కువ ప్రమాదమున్న కేటగిరీ ఏ సరుకు. రోగి నుంచి తీసిన కళ్లె, సీరం అయితే యూఎన్ 3373, కేటగిరీ బీ. మూడు పొరల ప్యాకింగ్‌తో పంపొచ్చు.

ద్రాక్షారామ_ల్యాబ్
మేడమ్, టీబీ కల్చర్ పెట్టే మా ఎల్‌జే సీసాల్లో ఎన్నోసార్లు బూజు లేస్తుంది. కంటామినేషన్ అని రాసి ఆటోక్లేవ్‌లో పడేస్తాం. అందులో ఇది ఉండే అవకాశం ఉందా?

కాకినాడ_మైక్రో
ఉంటుంది తమ్ముడూ. ఆటోక్లేవ్ చెయ్యడం తప్పు కాదు, చీటీ చూడకుండా చెయ్యడం తప్పు. బూజు లేచిన సీసా మూత తియ్యకుండా ముందు రోగి ప్రయాణం ఏమిటో కనుక్కోండి. అమెరికా లేదంటే మీ పద్ధతి మీదే.

అమలాపురం_పీజీ
మేడమ్, కల్చర్ వద్దంటే మరి దేంతో తేలుద్దండి? రక్తంలో ఫంగస్ గోడ పదార్థం వెతికే బీటా డీ గ్లూకాన్ పంపితే చాలా?

కాకినాడ_మైక్రో
బీటా డీ గ్లూకాన్ "ఏదో ఫంగస్ ఉండొచ్చు" అని మాత్రమే చెబుతుంది, ఏదో చెప్పదు. నెగటివ్ వస్తే లేదని కూడా కాదు. క్రిప్టోకాకస్, మ్యూకర్ అనే ఫంగస్‌లలో అది పెరగదు కూడా. దాని మీద డబ్బు పెట్టే ముందు ఇంకో మూడు చేయండి.

ఒకటి, సీరాలజీ, అంటే రక్తంలో యాంటీబాడీల పరీక్ష. 5 మిల్లీలీటర్ల రక్తం ప్లెయిన్ ట్యూబులో తీసి సీరం విడదీయండి. సగం ఇప్పుడు పంపండి, సగం మైనస్ 20లో దాచండి. ఐజీఎం అనే తొలి యాంటీబాడీ మొదటి మూడు వారాల్లో కనిపిస్తుంది, కాంప్లిమెంట్ ఫిక్సేషన్ పరీక్షలో తేలే ఐజీజీ యాంటీబాడీ ఆలస్యంగా పైకొస్తుంది. ఎలైజాలో ఐజీఎం ఒక్కటే పాజిటివ్ అయితే నమ్మెయ్యకండి, ఇమ్యునోడిఫ్యూజన్ అనే ఇంకో యాంటీబాడీ పరీక్షతో నిర్ధారించమనాలి. నెగటివ్ వస్తే రెండు మూడు వారాలాగి మళ్లీ తీసి, దాచిన సీరంతో కలిపి ఒకే ల్యాబులో ఒకేసారి చేయించండి. కాంప్లిమెంట్ ఫిక్సేషన్ టైటరు (యాంటీబాడీ మోతాదు) 1:16గానీ అంతకు మించిగానీ వస్తే ఊపిరితిత్తి దాటి పాకిందేమో వెతకాలి.

రెండు, బ్రాంకోస్కోపీ గొట్టంతో ఊపిరితిత్తి కడిగి తీసిన నీరు. మూడు, గ్రంథి లేదా గాయం ముక్క. ముక్క చేతికొస్తే సగం పని అయినట్టే.

ఈ సీరాలజీ మన చుట్టుపక్కల ల్యాబుల్లో దొరకదు. చండీగఢ్ పీజీఐ మైకాలజీ విభాగం ఫంగస్‌కి పేరున్న రిఫరల్ కేంద్రం. ముందు ఫోన్ చేసి ఏది చేస్తారు, ఎంత సీరం కావాలి, ఏ రోజు దిగాలి అని అడిగాకే పంపండి. శుక్రవారం కొరియర్ వేస్తే సోమవారం దాకా గోదాంలో పడుంటుంది.

పాలకొల్లు_పాథో
ముక్క గురించి నేను చెప్పాలి. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చే ప్రతి ముక్కా మొత్తంగా ఫార్మలిన్‌లో మునిగి వస్తుంది. ఫార్మలిన్‌లో పడ్డాక కల్చర్ ఉండదు, పీసీఆర్ కూడా బాగా దెబ్బతింటుంది. రెండు సీసాలు పంపండి. ఒకటి ఫార్మలిన్, ఒకటి స్టెరైల్ సెలైన్, ముక్క ఎండకుండా. సెలైన్ సీసాని గడ్డకట్టించొద్దు. ఈ మాట బ్రాంకోస్కోపీ గదిలో నర్సుకి ముందే చెప్పాలి, సీసాలు చేతికొచ్చాక కాదు.

రెండో సంగతి మన ప్రాంతానికే చెందింది. చెరువు స్నానాల వల్ల వచ్చే రైనోస్పోరిడియం ముక్కు పాలిప్స్ మనం చాలా చూశాం. గుండ్రటి సంచీ, లోపల గింజల్లా బీజాలు. ఒంట్లో కాక్సిడియాయిడిస్ ఉండే సంచీ రూపం, స్ఫెరూల్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. కొలిస్తే తేడా తెలుస్తుంది. స్ఫెరూల్ 10 నుంచి 100 మైక్రాన్లు, లోపలి బీజాలు 2 నుంచి 5. రైనోస్పోరిడియం సంచీ వంద దాటి 300, 400 దాకా పెరుగుతుంది, గోడ మ్యూసికార్మిన్ రంగుతో ఎర్రబడుతుంది, దాని సొంత చోటు ముక్కు, కన్ను. ఊపిరితిత్తి ముక్కలో అలాంటి సంచీ కనిపిస్తే "రైనో" అని అలవాటుగా రాసెయ్యకుండా మైక్రోమీటరు పెట్టండి.

సంచీ పగిలి బీజాలు ఒక్కటే మిగిలితే హిస్టోప్లాస్మా అనే ఇంకో ఫంగస్ అని పొరబడతాం. అందుకే ఒక్క చోటు చూసి వదలకుండా ఫంగస్‌ని చూపే జీఎంఎస్ రంగు వేసిన లోతైన సెక్షన్లు ఇంకో ఆరు తీయించండి.

అమలాపురం_పీజీ
సార్, హిస్టో కూడా అమెరికాదే కదండి. దాన్ని వదిలేయొచ్చా ఈ కేసులో?

గోదారి_శ్వాస
అమెరికాదే అనుకోవడమే మన పొరపాటు తమ్ముడూ. ఒహాయో, మిసిసిపీ నదుల లోయలు దాని పేరున్న చోట్లే. దాన్ని మొదట చూసింది శామ్యూల్ డార్లింగ్, 1905లో, పనామాలో. కానీ మన దేశంలోనే గంగా మైదానంలో, ముఖ్యంగా పశ్చిమ బెంగాల్లో ఉంది. మన రొయ్యల ప్లాంట్లకీ రైసు మిల్లులకీ పనికొచ్చే బెంగాల్, బీహార్ కుర్రాళ్లున్నారు కదా. వాళ్లకి పాస్‌పోర్టు ఉండదు, అయినా ప్రయాణం ఉంది. నెలల తరబడి జ్వరం, బరువు తగ్గడం, నోట్లో పుండు, స్కాన్‌లో రెండు అడ్రినల్ గ్రంథులూ ఉబ్బితే టీబీ అని రాసే ముందు హిస్టోని తలుచుకోండి.

ఫీనిక్స్ ఒక్కటే అయితే దాని వంతు తక్కువ. కానీ ఆవిడ ఫీనిక్స్ ఒక్కటే వెళ్లారో లేదో ముందు తేల్చండి. "అమెరికా వెళ్లొచ్చారా" అని అడిగితే "ఆ, అమ్మాయి దగ్గరికండి" అంటారు. ఊరు, రాష్ట్రం, నెల అడగాలి. ఇంటి పక్కన కట్టడం, తవ్వకం జరుగుతోందా? దుమ్ము తుఫాను వచ్చిందా? పెరట్లో మట్టి తవ్వి మొక్కలేశారా? గ్రాండ్ కాన్యన్‌కి రోడ్డు మీద పోయారా? ఏదైనా గుహ చూశారా, గబ్బిలాలు కనిపించాయా? కోళ్ల షెడ్డో పాత పావురాళ్ల గూడో ఊడ్చారా? మనవాళ్లు పురిటికెళ్లి ఖాళీగా కూర్చోరు. పెరట్లో గోంగూర, బచ్చలి వెయ్యందే నిద్రపట్టదు.

తణుకు_జీపీ
అంకెల మీద ఒప్పుకుంటున్నా. మరి గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు? కువైట్, మస్కట్‌లో దుమ్ము తుఫాన్లు తక్కువా? కోనసీమలో ఇంటికొకరు అక్కడే ఉన్నారు.

గోదారి_శ్వాస
కాక్సిడియాయిడిస్ అమెరికా ఖండాల నేలకే పరిమితం. ఉత్తరాన అమెరికా నైరుతి, మెక్సికో, ఇంకా కిందికి అర్జెంటీనా దాకా. 1892లో పొసాదాస్ అనే వైద్య విద్యార్థి మొదట వివరించిన రోగి అర్జెంటీనా వాడే. ఎడారి దుమ్మంతా ఒకటి కాదు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకి టీబీ, ఇంకా అక్కడి వేరే జబ్బులు చూడండి.

థాయిలాండ్, వియత్నాం, దక్షిణ చైనా, మన మణిపూర్ వైపు నుంచైతే టాలరోమైసిస్ మార్నెఫీ అనే ఫంగస్. ముఖం మీద మధ్యలో గుంట పడ్డ పొక్కులు, హెచ్‌ఐవీ. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లలో ఏళ్ల కిందటి ప్రయాణం కూడా లెక్కే. "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లారా" అన్న ప్రశ్న వాళ్లకి చాలదు.

మామిడికుదురు_డాక్టర్
షుగరున్నావిడ, మన వరిచేల ఊరు. తడి మట్టి బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్‌ని ఎవరూ ఎత్తలేదేం? వానాకాలంలో దిగారా?

కాకినాడ_మైక్రో
మంచి మాట. నిజానికి ఈ రోగికి దుమ్ము ఫంగస్‌కన్నా అది దగ్గరగా ఉండి ఉండొచ్చు. తడి నేల, షుగరు, పైభాగం న్యుమోనియా, మామూలు యాంటీబయాటిక్‌కి లొంగకపోవడం. కళ్లె, రక్తం కల్చర్ రెండూ పంపండి, కళ్లెది మాత్రం ఇందాక చెప్పిన మూడో స్థాయి ల్యాబుకే. కాలేయం, ప్లీహంలో చీముగడ్డల కోసం కడుపు స్కాన్ కూడా. ల్యాబువాళ్లకి ఒక గుర్తు: జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగకుండా కో-అమాక్సిక్లావ్‌కి లొంగే గ్రామ్ నెగటివ్ వస్తే "సూడోమోనాస్ జాతి" అని రాసి పంపెయ్యకండి. అది మెలియాయిడోసిస్ తెచ్చే బర్ఖోల్డేరియా సూడోమల్లీ కావొచ్చు. దాన్ని కూడా బయోసేఫ్టీ క్యాబినెట్లోనే చూడాలి.

భీమవరం_రేడియాలజీ
ఎక్స్‌రే మీద ఇంత చర్చ వద్దు, సీటీ తీయించండి. పలుచటి గోడ గుహ, ద్రాక్ష తొక్కంత సన్నగా ఉంటే వ్యాలీ ఫీవర్ వైపు. గ్రంథుల్లో, ప్లీహంలో సున్నపు చుక్కలు పాత హిస్టో వైపు. చిగురేసిన కొమ్మల్లాంటి నీడలు, చుట్టూ చిన్న చుక్కలు టీబీ వైపు. వైపు అంటున్నాను, తీర్పు కాదు. ఒంటరి గడ్డ ఉంటే పెట్ స్కాన్ వెలిగినా క్యాన్సరని ఖాయం కాదు, ఫంగస్ గడ్డ కూడా వెలుగుతుంది.

రిపోర్టులో మేం ప్రయాణం సంగతి రాయాలంటే ఆ ముక్క మాకు తెలియాలి. చీటీలో "సీటీ ఛెస్ట్, దగ్గు" తప్ప ఏమీ ఉండదు.

యానాం_ఫార్మా
ఇంటివాళ్ల ఒత్తిడికి టీబీ మందులు మొదలుపెడితే ఏమవుద్దో చెప్తా. అందులోని రిఫాంపిసిన్, ఫంగస్ మందు ఇట్రాకొనజోల్‌ని రక్తంలో దాదాపు లేకుండా చేసేస్తుంది, ఫ్లూకొనజోల్‌ని కూడా తగ్గిస్తుంది. తర్వాత ఫంగస్ అని తేలి రిఫాంపిసిన్ ఆపినా దాని ప్రభావం రెండు వారాలదాకా వదలదు. ఆ రెండు వారాల్లో "మందు పనిచెయ్యట్లేదు" అనుకుని ఇంకో దానికి మారతాం.

ఇంకోటి. ఆవిడ షుగరుకి గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నారా? ఫ్లూకొనజోల్ మొదలెట్టగానే గ్లిమిపిరైడ్ రక్తంలో పేరుకుని షుగరు పడిపోతుంది. ఒక్కసారి కాదు, రోజూ పడుద్ది. డోసు ముందే తగ్గించి గ్లూకోమీటరు ఇంట్లో పెట్టించండి. కిడ్నీ పరీక్ష చూసి ఫ్లూకొనజోల్ డోసు వెయ్యాలి.

రాజోలు_ఫిజీషియన్
గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. ఇది నాకు తట్టలేదు, థాంక్సండి.
ఫోన్ చేశాను. పిక్కల మీద గడ్డలు లేచాయట, "దోమలు కుట్టాయనుకున్నాం" అన్నారు. అమ్మాయి ఇంటి వెనక కొత్త కాలనీ కడుతున్నారు, రోజూ సాయంత్రం ఆ దారినే నడిచేవారట. గుహలు లేవు. తలనొప్పి కొద్దిగా ఉందంటున్నారు.

గోదారి_శ్వాస
తలనొప్పి ఎన్నాళ్లుగా? ఈ ఫంగస్ మెదడు పొరకెక్కితే ఫ్లూకొనజోల్ జీవితాంతం వాడాల్సి వస్తుంది. తగ్గకుండా పెరిగే తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మనిషి మందగించడం, వీటిలో ఏదున్నా స్కాన్ చేసి నడుము నీరు తియ్యాలి. అందులో కణాలు, ప్రోటీన్, గ్లూకోజ్‌తోపాటు కాక్సిడియాయిడిస్ యాంటీబాడీ, క్రిప్టోకాకల్ యాంటిజెన్ అడగండి. క్రిప్టో యాంటిజెన్ స్ట్రిప్ పరీక్ష, మన దగ్గరే దొరుకుతుంది.

ఇంకో జాగ్రత్త. పిక్కల మీద గడ్డలు, హైలమ్ గ్రంథులు చూసి ఎవరైనా సార్కాయిడ్ (ఇన్‌ఫెక్షన్ కాని గ్రంథుల వాపు జబ్బు) అంటారు, ప్రెడ్నిసలోన్ రాస్తారు. ఫంగస్ లేదని తేలేదాకా స్టెరాయిడ్ వద్దు. ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి.

అమలాపురం_పీజీ
రక్తంలో గలాక్టోమానన్ అనే ఫంగస్ పదార్థం పాజిటివ్ వస్తే ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ అనుకోవచ్చాండి?

కాకినాడ_మైక్రో
అనుకోకూడదు. హిస్టోలో కూడా పాజిటివ్ వస్తుంది. హిస్టో మూత్ర యాంటిజెన్ మన చుట్టుపక్కల అందుబాటులో లేనప్పుడు ఆ పాజిటివ్ ఒక సూచనగా పనికొస్తుంది, అంతే. ముక్క తియ్యకుండా దాని మీదే వొరికొనజోల్ మొదలెట్టెయ్యకండి.

ద్రాక్షారామ_ల్యాబ్
కళ్లెని క్షారంతో కరిగించి మైక్రోస్కోపులో చూసే కేఓహెచ్ పరీక్ష మేం చెయ్యొచ్చా? దానికీ పెద్ద ల్యాబు కావాలా?

కాకినాడ_మైక్రో
రోగి శాంపిల్‌లో ఉన్నది స్ఫెరూల్, గాల్లోకి ఎగిరే రూపం కాదు. కాబట్టి కళ్లె మీద 10 శాతం కేఓహెచ్ క్యాబినెట్‌లో చెయ్యొచ్చు. ఫంగస్‌ని మెరిపించే కాల్కోఫ్లోర్ రంగు ఉంటే ఇంకా మంచిది. గాలిబుడగ, నూనె చుక్క, పుప్పొడి కూడా గుండ్రంగానే ఉంటాయి, లోపల బీజాలు కనిపిస్తేనే స్ఫెరూల్ అనండి. కనిపించకపోతే "లేదు" అనొద్దు, చాలాసార్లు కనిపించదు. శాంపిల్ ప్లేటు మీద వెయ్యడం మాత్రం ఆపేయండి.

మామిడికుదురు_డాక్టర్
ఇంట్లోవాళ్లకి అంటుకుంటుందా అని అడుగుతారు. ఏం చెప్పాలి?

గోదారి_శ్వాస
మనిషి నుంచి మనిషికి దగ్గు ద్వారా రాదు. టీబీ తేలేదాకా మాస్కు పెట్టించండి, అది టీబీ కోసం. అక్కడ అదే ఇంట్లో, అదే దుమ్ములో అమ్మాయి బాలింతగా ఉంది. గర్భం చివరి నెలలు, బాలింతగా ఉన్న రోజులు వ్యాలీ ఫీవర్ ముదరడానికి అనువైనవి. ఆమెకి జ్వరం, దగ్గు ఉంటే అక్కడి డాక్టరుకి చెప్పమనండి. అక్కడైతే ఈ సీరాలజీ మామూలు పరీక్షే.

రాజోలు_ఫిజీషియన్
సరే. టీబీ మందులు ఆపి ఉంచుతున్నా. రేపు కడుపు స్కాన్‌తో కలిపి సీటీ, రక్తం కల్చర్, ఫైలేరియా, క్రిప్టో యాంటిజెన్. సీరం రెండు భాగాలు. బ్రాంకోస్కోపీ సోమవారం, కడుగునీటిలో ట్రూనాట్ మళ్లీ, ముక్క వస్తే రెండు సీసాలు. తలనొప్పి పెరిగితే ఆ రోజే నడుము నీరు. సీరాలజీ రావడానికి రోజులు పడుద్ది కదా, ఈలోగా ఫ్లూకొనజోల్ ఇవ్వొచ్చా?

గోదారి_శ్వాస
షుగరుంది, ఐదు వారాలుగా మంచంలో ఉన్నారు, నేనైతే శాంపిల్స్ అన్నీ తీశాక మొదలెడతా. రోజుకి 400 మిల్లీగ్రాములు, కిడ్నీ బాగుంటే. ఆక్సిజన్ పడిపోతే, నీడలు రెండు వైపులా పాకితే అప్పుడు నరానికెక్కించే ఫంగస్ మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్, పొటాషియం, మెగ్నీషియం చూసుకుంటూ. మొదలెట్టే ముందు ఈసీజీ తీసి క్యూటీ (గుండె లయ తప్పే ప్రమాదాన్ని చెప్పే కొలత) చూడండి.

యానాం_ఫార్మా
ఆ రోజు నుంచే గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించండి. సాయంత్రం డోసు ముందు తీసేయండి.

కాకినాడ_మైక్రో
సోమవారం బ్రాంకోస్కోపీ అంటే శాంపిల్ మంగళవారం బయల్దేరుతుంది, వారం మధ్యలో దిగుతుంది, బాగుంది. చీటీ మీద మీ మొబైల్ నెంబరు రాయండి, ఆస్పత్రి రిసెప్షన్‌ది కాదు. అనుమానపు బూజు లేస్తే రాత్రి పదింటికైనా ల్యాబువాళ్లు మీకే ఫోన్ చెయ్యాలి.

రాజోలు_ఫిజీషియన్
రాశానండి. ఫీనిక్స్ అని ఎర్ర స్కెచ్‌తో.